నీళ్ళ అడుగున ఉన్న గూడెం కోసం: టెక్సాస్ విశ్వవిద్యాలయపు పాత పటాల సేకరణ

మా అమ్మమ్మ పుట్టిన గూడెం పల్నాడులో, నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఉంది. ఇప్పటి ఉపగ్రహ చిత్రాల్లో అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు కాబట్టి, 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరగక ముందటి నేలను చూడాలంటే పాత పటాలే దిక్కు. అటువంటి పటాలను ఉచితంగా అందిస్తున్న టెక్సాస్ విశ్వవిద్యాలయపు పెర్రీ-కాస్టనెడా గ్రంథాలయ సేకరణను కొన్ని నెలలుగా వాడుతున్నాను.

అమెరికా సైన్యపు పటాల విభాగం 1955 నుంచి ప్రచురించిన యు502 వరుస ఇందులో ఉంది. దాని స్కేలు 1:2,50,000. సూచిక పటంలో కావలసిన గడిని నొక్కితే షీటు తెరుచుకుంటుంది. షీట్లకు పెద్ద ఊళ్ళ పేర్లే ఉంటాయి కనుక, మన పల్లెకు దగ్గరి పట్టణాన్ని, అక్షాంశ రేఖాంశాలను ముందే రాసిపెట్టుకోవాలి.

షీటును పెద్దది చేసి కృష్ణ ఒడ్డు వెంబడే చూసుకుంటూ వచ్చాను. జలాశయం లేని కృష్ణ కొండల మధ్య సన్నగా మెలిక తిరిగి ఉంది. అమ్మమ్మ చెప్పిన వాగు నదిలో కలిసే చోటికి కాస్త ఎగువన పేరు లేని ఒక చుక్క, దాని పక్కగా రేవు దాకా తెగిన గీతలతో గీసిన కాలిబాట కనిపించాయి. రేవు దాటి అవతలి ఒడ్డున సంతకు పోయేవాళ్ళమని ఆమె చెప్పిన దారి అదే. వాగు నీళ్ళు, రేవు దారి, వరదకు అందని మెరక మూడూ కలిసిన చోట గూడెం వెలిసిందని ఆ గీత చూశాకే నాకు అర్థమైంది.

అయితే షీటు మీది ముద్రణ సంవత్సరాన్ని బట్టి ఊరి వయసు కట్టకూడదు. ఈ షీట్లలో చాలావరకు సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల ఆధారంగా తయారైనవి. ఏ పటాలను వాడారో తెలిపే చిన్న చిత్రం అంచున ఉంటుంది, ముందు దాన్ని చదవాలి. చుక్క లేనంత మాత్రాన ఊరు లేదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే ఈ స్కేలులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 250 మీటర్లు, పదిళ్ళ గూడెం అందులో సులువుగా జారిపోతుంది.

గ్రామకంఠం (ఊరి ఇళ్ళున్న స్థలం), పొలం గట్లు తెలియాలంటే మైలుకు 16 అంగుళాల లెక్కన గీసిన గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూడవలసిందే. ఒక కార్యాలయంలో నాకిచ్చిన నకలులో సర్వే నంబర్లు సగం చెరిగిపోయి ఉన్నాయి. రుసుము కట్టే ముందే అసలు ప్రతిని చూపమని అడగడం మంచిది.

ఈ సేకరణ వల్ల నాకు కలిగిన పెద్ద మేలు మరొకటి ఉంది. కాలిబాట ఏ పెద్ద ఊరికి చేరుతుందో చూసి, గూడెం ఏ ఊరి శివారో ఊహించి, గ్రామ పటంతో రూఢి చేసుకోగలిగాను. శివారు పల్లెకు సొంత కైఫియతు, అంటే ఊరి చరిత్ర రాసిన పాత పత్రం, దొరకడం అరుదు. పెద్ద ఊరి పేరు తెలిస్తే, 1821లో మరణించిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతుల్లో వెతకవచ్చు. వాటిలో గుళ్ళు, ఇనాములు, చెరువుల ప్రస్తావన వస్తుంది కాబట్టి, షీటును పక్కన పరుచుకుని ఆ పేర్లను ఒక్కొక్కటిగా పోల్చుకుంటున్నాను.