పొరుగు రాష్ట్రంలో ప్రచారం: తలుపు తట్టాలా, ఫోను చేయాలా?

న్యూజెర్సీలోని తెలుగువాళ్లు అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి సాయపడదామనుకుంటే చూపు పెన్సిల్వేనియా మీదే పడుతుంది. అక్కడ 2016లో గెలుపోటముల మధ్య తేడా దాదాపు 44 వేల ఓట్లు, 2020లో దాదాపు 80 వేలు. డెలావేర్ నది దాటితే చాలు, పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వచ్చేస్తుంది.

ఫోను చేయడం సులువు. ప్రయాణంలో ఉన్నా బస చేసిన గదిలోంచే చేయవచ్చు. కానీ చాలామంది ఎత్తరు, ఎత్తినవారు మాట పూర్తికాకుండానే పెట్టేస్తారు.

తలుపు తట్టాలంటే శనివారమంతా పోతుంది, చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా నేను దానికే మొగ్గుతాను. గుమ్మంలో నిలబడిన పెద్దావిడకు నమూనా పోస్టల్ బ్యాలెట్ చేతిలో పట్టుకుని చూపించవచ్చు: ముందు లోపలి రహస్య కవరులో పెట్టాలి, తర్వాతే బయటి కవరు, దాని మీద సంతకం. ఆ లోపలి కవరు మరిచిపోతే పెన్సిల్వేనియాలో ఓటు చెల్లదు. ఈ సంగతి ఫోనులో చెబితే సగమే ఎక్కుతుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే కరపత్రం తలుపు పిడికి తగిలించాలి. తపాలా పెట్టెలో వేయడం నేరం.

పౌరసత్వం లేనివారూ జీతం తీసుకోకుండా ఈ రెండు పనులూ చేయవచ్చు. వారిలో గ్రీన్ కార్డు కూడా లేనివారు విరాళం మాత్రం ఇవ్వకూడదు. చంటిబిడ్డ ఉన్నవారు, కారు లేనివారు ఫోనే పట్టుకోండి, అదీ అవసరమైన పనే.