బీఏ ఇంగ్లిష్‌కి లోన్ తియ్యాలా? బెంగళూరు ప్రైవేటు సీటు, చెన్నై ఎయిడెడ్ సీటు: ఏది మేలు?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి, అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, పాప ఇంజనీరింగ్ వద్దంటోంది, ఇంగ్లిష్ లిటరేచరే చదువుతానంటోంది. బెంగళూరులో సీటొచ్చేలా ఉంది, లోన్ తియ్యమంటావా?" నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్ళయితే చెన్నై సంగతి కూడా అడుగుతారు. నేను చదివింది ఇంగ్లిషే, ఇక్కడ బెంగళూరులో టెక్నికల్ రైటర్‌గా (సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించి రాసే పని) చేస్తున్నాను, అందుకని నన్నడుగుతారు. ఇంగ్లిష్ చదివితే ఉద్యోగం వస్తుందా రాదా అన్న గొడవలోకి పోను. వస్తుంది. ఎంత జీతానికి వస్తుంది, ఎన్నేళ్ళకి వస్తుంది, అప్పటికి నెత్తిన ఎంత అప్పుంటుంది అన్నదే చూద్దాం.

ముందు బెంగళూరు. క్రైస్ట్, సెయింట్ జోసెఫ్స్, మౌంట్ కార్మెల్ లాంటి చోట్ల ఇంగ్లిష్‌ని సైకాలజీతోనో జర్నలిజంతోనో కలిపి చదవొచ్చు, ఇంటర్న్‌షిప్ కోసం ఊరు దాటక్కర్లేదు, చుట్టూ కంపెనీలే. భాష టెన్షన్ కూడా లేదు, మారతహళ్ళిలో కాసేపు నిలబడితే ఎటు చూసినా తెలుగే. ఖర్చే అసలు సమస్య. ప్రైవేటు యూనివర్సిటీ ఫీజుకు పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) అద్దె కూడా కలిపితే ఏడాదికి 3 లక్షల దాకా పోవడం పెద్ద విషయం కాదు. ఇంకొకటి, కర్ణాటక ప్రభుత్వం 2024లో డిగ్రీని మళ్ళీ మూడేళ్ళకు తెచ్చినా, ప్రైవేటు యూనివర్సిటీల్లో నాలుగేళ్ళ ఆనర్స్ ఉంటుంది. నాలుగో ఏడాది తప్పనిసరా, మూడేళ్ళకే డిగ్రీ తీసుకుని బయటపడొచ్చా అన్నది చేరేముందే అడగండి, ఎందుకంటే అది ఇంకో ఏడాది ఫీజు.

ఇంట్లో కొంత పెట్టుకుని, ఏటా 2 లక్షల చొప్పున మూడేళ్ళకు 6 లక్షలు లోన్ తీశారనుకుందాం, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునే మూడేళ్ళూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు, దాంతో చాలామంది అప్పు సంగతే మర్చిపోతారు. కానీ వడ్డీ (మామూలు వడ్డీయే, చక్రవడ్డీ కాదు) మొదటి రోజు నుంచీ నడుస్తుంది. నాలుగో ఏడాది చివరికి అది 1 లక్షా 80 వేలు, అంటే కట్టాల్సింది 7 లక్షల 80 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 10,300. పదిహేనేళ్ళు పెట్టుకుంటే 8,400 అవుతుంది గానీ పాపకు ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో వచ్చేదాకా కడుతూనే ఉండాలి. మొదటి ఉద్యోగంలో చేతికి 25 వేలు వచ్చాయనుకోండి, వాయిదా పోగా మిగిలిన 14,700 లోంచి పీజీకి పదివేలు. మిగతా నాలుగున్నర వేలతో నెలంతా గడవాలి.

సరే, జీతం పెరుగుతుంది కదా అంటారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇక్కడే ఉంది. బీఏ ఇంగ్లిష్‌తో చదువు సగమే అవుతుంది. కేంద్రీయ విద్యాలయంలో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) బేసిక్ 47,600, దానికి ఎంఏ, బీఈడీ రెండూ కావాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, అదీ మూడేళ్ళ డిగ్రీ అయితే ఎంఏ తర్వాతే. అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700, దానికి ఎంఏ, ఆపైన నెట్ అనే అర్హత పరీక్షో పీహెచ్‌డీయో. అంటే చెప్పుకోదగ్గ జీతాలన్నీ ఇంకో రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ అవతల ఉన్నాయి, బ్యాంకు మాత్రం డిగ్రీ అయిన ఏడాదికే తలుపు తడుతుంది. పైచదువని చెప్పి వాయిదా వెనక్కి జరిపించుకున్నా వడ్డీ ఆగదు. దాంతో పిల్లలు ఎంఏ మానేసి, దొరికిన కస్టమర్ సపోర్ట్ ఉద్యోగంలో చేరి అక్కడే ఉండిపోతారు.

ప్రైవేటు కంపెనీల వైపూ ఇదే కథ. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక కొత్తవాళ్ళు మొదలుపెట్టే చిన్న చిన్న కంటెంట్ రైటింగ్ పనులు నా కళ్ళముందే పలచబడ్డాయి. మా టెక్నికల్ రైటింగ్‌లో జీతాలు నయమే, కానీ గిట్, మార్క్‌డౌన్, ఏపీఐ డాక్యుమెంటేషన్ లాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ పనులు విడిగా నేర్చుకోవాలి, ఏడాదో రెండేళ్ళో తక్కువ జీతానికి పనిచేయాలి. నెలకు పదివేల వాయిదా ఉన్నవాడికి ఆ తీరిక ఎక్కడిది?

అందుకే నా మొగ్గు చెన్నై వైపు. ఎయిడెడ్ కోర్సుల్లో లెక్చరర్ల జీతం ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి ఫీజు బాగా తక్కువ. ప్రెసిడెన్సీ, క్వీన్ మేరీస్ అయితే పూర్తి ప్రభుత్వ కాలేజీలు. మద్రాస్ క్రిస్టియన్, లయోలా, స్టెల్లా మారిస్ లాంటి చోట్ల ఒకే ప్రాంగణంలో ఎయిడెడూ ఉంటుంది, సెల్ఫ్ ఫైనాన్సూ (ప్రభుత్వ సాయం లేనిది) ఉంటుంది. ఇంగ్లిష్ ఎందులో ఉందో కాలేజీకో తీరు, అప్లికేషన్ నింపేటప్పుడే చూసుకోవాలి. ఖర్చంతా హాస్టల్‌దే, దానికి లోన్ అవసరం పడకపోవచ్చు.

చిక్కులు లేవని కాదు. తమిళనాడు రిజర్వేషన్ 69 శాతం, మన బీసీ, ఎస్సీ సర్టిఫికెట్లు అక్కడ చెల్లవు, మిగిలిన ఓపెన్ సీట్లలోనే పోటీ పడాలి. కాబట్టి మార్కులు గట్టిగా ఉండాలి. తమిళం రాని పిల్లలకు బేసిక్ తమిళ్ పేపరుంటుంది, దానికి భయపడక్కర్లేదు. బెంగళూరంత ఇంటర్న్‌షిప్ సందడి ఉండదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ మూడేళ్ళ తర్వాత అప్పు లేకుండా బయటికొస్తే హైదరాబాద్ ఇఫ్లూలోనో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) సెంట్రల్ యూనివర్సిటీలోనో తక్కువ ఫీజుతో ఎంఏకి కూర్చోవచ్చు.

ఇగ్నో బీఏ అన్నిటికంటే చవక, పక్కన ఏదో పని ఉన్నవాళ్ళకు సరే. అమెరికాలో ఎంఏ అంటారా, ఇంగ్లిష్‌కి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) వాళ్ళకొచ్చే అదనపు 24 నెలలు రావు. అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దు.

ఇంతా విని బెంగళూరే అంటే, లోన్ 4 లక్షలు దాటనివ్వకండి, అక్కడిదాకా మామూలుగా బయటివాళ్ళ హామీ సంతకం అడగరు. పెద్ద కాలేజీ అయితే కేంద్రం చదువు లోన్ల పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో చూడండి, ఏ హామీ లేకుండా ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరించే వీలుంది. చదివేటప్పుడే వడ్డీ కట్టేస్తుంటే చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి, సంతకం పెట్టేముందు ఆ మాట మేనేజర్‌ని అడగండి.