సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నారా? హీటరు తిప్పి చూశాకే బయానా ఇవ్వండి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు పాత కారు కొనబోయేవారి కోసం ఇది రాస్తున్నాను. మన వైపు కారు కొనేవాడు ఏసీ చల్లగా వస్తున్నదో లేదో పదిసార్లు చూస్తాడే గాని హీటరు మీట వైపు కన్నెత్తి చూడడు. నేనూ చూడలేదు. అందుకు నాకు పడిన ఖర్చు 31,000 రూపాయలు. కారు పదకొండు రోజులు షెడ్డులోనే ఉంది.

గత డిసెంబరులో ఒంగోలులో పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి దగ్గర 2014 మోడల్ పెట్రోలు కారు కొన్నాను. బానెట్ ఎత్తి చూపించినప్పుడు రిజర్వు డబ్బాలో ఆకుపచ్చ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గీత వరకు ఉంది, రేడియేటర్ ఫ్యాన్ జోరుగా తిరుగుతున్నది, ఊళ్లో నాలుగు కిలోమీటర్లు నడిపినా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. మర్నాడు తెల్లవారుజామున నెల్లూరుకు బయలుదేరాను. టంగుటూరు టోల్‌గేటు దాటాక జల్లు పడి అద్దం లోపలివైపు ఆవిరి కమ్మితే, అది పోవాలని మీటను ఎర్రవైపు చివరిదాకా తిప్పాను. అయినా గాలి చల్లగానే వచ్చింది. మన ఎండలకు హీటరు పని చేస్తే ఎంత, చేయకపోతే ఎంత అనుకుని ఊరుకున్నాను. సింగరాయకొండ దాటాక ముల్లు పైకి లేచింది. ఉలవపాడు దగ్గరకు వచ్చేసరికి ఎర్రగీతను తాకి, ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. హమ్మయ్య అనుకున్నాను గాని, నీటిమట్టం పడిపోయి సెన్సరు ఖాళీలో మిగిలితే ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు తక్కువే చూపవచ్చునని నాకు అప్పటికి తెలియదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం చూసి కారును పక్కకు తీసి ఆపేశాను.

దగ్గరలోని షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ నన్ను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయనివ్వలేదు. వేడి మీద మూత తీస్తే లోపలి నీరు ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. ఆయన ముందుగా డాష్‌బోర్డు వెనుకకు పోయే రెండు సన్నటి రబ్బరు పైపులను పట్టుకుని చూశాడు. "చూడండి సార్, ఇంజిన్ కుంపటిలా ఉంది, ఈ పైపు మంచినీళ్ల కుండలా ఉంది. నీళ్లు తిరగడంలా" అన్నాడు. ముప్పావుగంట ఆగి మూత తీస్తే రేడియేటర్‌లో నీరు కనబడనే లేదు, రిజర్వు డబ్బా మాత్రం నిండుగానే ఉంది. నేను డబ్బాను చూసి మోసపోయాను.

హీటరు అంటే డాష్‌బోర్డు వెనుక ఉండే మరో చిన్న రేడియేటర్. ఇంజిన్‌లో కాగిన నీరే దానిలోకి వెళ్తుంది. కనుక ఇంజిన్ మితిమీరి కాగుతూ హీటరు గాలి చల్లగా వస్తున్నదంటే ఆ నీరు అక్కడికి చేరడం లేదన్నమాట: నీరు తగ్గి ఉండాలి, లేదా పైపుల్లో గాలి చిక్కుకుని ఎయిర్ లాక్ అయి ఉండాలి, లేదా వాటర్ పంపు రెక్కలు అరిగి ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక నీటిని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ మూసుకుపోతే కూడా ఇంజిన్ కాగుతుంది గాని, చాలా కార్లలో అప్పుడు హీటరు గాలి వేడిగానే వస్తుంది. అందుకే ముందుగా వాల్వ్ మార్చేద్దామనే మెకానిక్ మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

నా కారులో మూడు లీటర్ల నీళ్లు పోసి, గాలి బయటకు పోయేలా ముందు చక్రాలను ఎత్తు మీద పెట్టి నడిపితే, హీటరు పది నిమిషాలు వేడి గాలి ఇచ్చి మళ్లీ చల్లబడింది. కారును లారీ మీద నెల్లూరుకు చేర్చాం. మర్నాడు ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయగానే రేడియేటర్ మెడ దగ్గర అన్నం ఉడికినట్టు బుడగలు ఆగకుండా వచ్చాయి. అక్కడ పరీక్ష గొట్టం పెట్టగా అందులోని నీలి ద్రవం పసుపుపచ్చగా మారింది. ఇంజిన్ పైభాగానికి (హెడ్), కింది భాగానికి మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి దూరుతున్నదని దాని అర్థం. హెడ్ దించి చూస్తే వంగి ఉంది. లేత్ షాపులో దాన్ని చదును చేసే ఫేసింగ్ చేయించవలసి వచ్చింది. థర్మోస్టాట్ ఉండవలసిన చోట ఏమీ లేదు. ఫ్యాన్‌ను తాళం తిప్పగానే తిరిగేలా డైరెక్ట్ చేశారు. ఊళ్లో తిప్పి చూసే కాసేపు ముల్లు లేవకుండా ఉండటానికే ఇవన్నీ చేశారని నా అభిప్రాయం.

కాబట్టి కారు చూడటానికి ఉదయమే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. చల్లని ఇంజిన్ మీద మీ చేత్తోనే మూత తీసి, నీరు మెడ వరకు ఉందో లేదో, తుప్పు రంగు ఉందో లేదో చూడండి. తర్వాత హైవే మీద కనీసం ఇరవై నిమిషాలు నడిపి, చెమట పట్టినా సరే హీటరును చివరిదాకా తిప్పండి. గాలి చల్లగా వస్తే బేరం అక్కడితో ఆపి, డాష్‌బోర్డు వెనుకకు పోయే ఆ రెండు పైపులను మెకానిక్‌కు చూపించండి. రెండు పైపులూ వేడిగా ఉండి గాలి మాత్రమే చల్లగా ఉంటే గాలిని హీటరు వైపు మళ్లించే లోపలి చిన్న తలుపు లేదా దాని కేబుల్ లోపం కావచ్చు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే హీటరు పూడుకుపోయి ఉండవచ్చు; కూలెంట్ బదులు ఉప్పు బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇది ఆశ్చర్యం కాదు. రెండూ చల్లగా ఉంటే మాత్రం ఆ కారు జోలికి పోకండి.

వ్యాపారికి ఫోను చేస్తే, "ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నానని సంతకం పెట్టారు కదండీ" అన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంది. పాత గ్యాస్కెట్, లేత్ షాపు బిల్లు, థర్మోస్టాట్ లేని ఆ ఖాళీ గూడు ఫోటోలు అందుకోసం దాచి ఉంచాను.