పెసరట్టుకి 5, కాఫీకి 1, కౌంటర్లో కూర్చునే ఆవిడకి మాత్రం మార్కులు వేసేంత వాడిని కాదు

ముందు టిఫిన్ సంగతి చెప్పేస్తా, తర్వాత నా గోల ఉంటుంది, అది అక్కర్లేనివాళ్లు మధ్యలో ఆపేసి తినడానికి వెళ్లిపోవచ్చు.

హైదరాబాద్ నిజాంపేట రోడ్డులో చిన్న టిఫిన్ సెంటర్. నిలబడి తినే బల్లలు నాలుగు, గోడవారగా ఆరు కుర్చీలు, పార్కింగ్ అడగొద్దు, పక్క మెడికల్ షాపు ముందు బండి పెడితే వాళ్లు ఊరుకోరు. పేరు ఎందుకు రాయట్లేదంటే ఓనరావిడని అడిగా, "ఇప్పుడొచ్చే జనానికే పిండి చాలట్లేదు బాబూ, వద్దులే" అంది. పెసరట్టు 60, లోపల ఉప్మా పెడితే 80. పొట్టుతో ఉన్న పెసలే రుబ్బుతారు, ఆ పచ్చదనం చూస్తే తెలిసిపోతుంది, బియ్యం గుప్పెడు మించి పడినట్టు లేదు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది, పైన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి ముక్కలు అట్లకాడతో అదిమేసరికి పిండిలో కూరుకుపోతాయి. అల్లప్పచ్చడిలో బెల్లం తగిలీ తగలనట్టు ఉంది, అలాగే ఉండాలి. కొబ్బరి చట్నీ మాత్రం తొమ్మిదిన్నర దాటితే నీళ్లే. కాఫీ ఎందుకు పెట్టారో తెలీదు, పక్కనే టీ కొట్టు ఉంది, అక్కడికెళ్లండి.

ఇక నా గోల. నాకు 39 ఏళ్లు. హోటల్లో నిలబడి నా నోటితో పెసరట్టు అడిగి తినడం ఇదే మొదటిసారి.

నాకు నత్తి. అన్ని అక్షరాలకీ రాదు, ముఖ్యంగా "ప" దగ్గర పెదాలు అతుక్కుపోతాయి, లోపల మాట సిద్ధంగానే ఉంటుంది, బయటికి రాదు. ఇప్పుడు ఏ టిఫిన్ సెంటర్ బోర్డైనా ఒకసారి చూడండి. పూరీ, పెసరట్టు, పొంగల్, పుణుగులు, పరోటా. ఆ బోర్డు నా మీద పగతో రాసినట్టే ఉంటుంది. నేను ఆగకుండా అనగలిగేది ఇడ్లీ, ఉప్మా. అందుకని ఇరవై ఏళ్లకి పైగా ఇడ్లీ తిన్నా. పెళ్లిచూపులకి ముందు మా ఆవిడని కలిసిన హోటల్లో కూడా ఇడ్లీనే చెప్పా, పెళ్లయ్యాక ఆ కబురు అత్తగారికి చేరింది, ఇప్పుడు ఏ పండక్కి వెళ్లినా "అల్లుడుగారికి ఇడ్లీ అంటే ప్రాణం" అని తెల్లారగట్ల లేచి వేస్తారు, పక్కనే బావమరిది పెసరట్టు లాగిస్తుంటాడు. నాకు ఇడ్లీ ఇష్టం లేదు.

యాప్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టా, కొన్నేళ్లు అదే పని. కానీ పెసరట్టుని డబ్బాలో మూసి బండి మీద తెస్తే ఆవిరికి చెమ్మగిల్లి తడిసిన అట్టముక్క అయిపోతుంది, దోశైనా కాస్త ఓర్చుకుంటుంది గానీ ఇది ఓర్చుకోదు. టేబుల్ మీద క్యూఆర్ కోడ్ పెట్టే హోటళ్లకి నేను కళ్లు మూసుకుని 5 స్టార్లు ఇచ్చేవాడిని, వంట ఎలా ఉన్నా సరే, నోరు తెరవక్కర్లేదు అన్న ఒక్క కారణానికి. ఆ రివ్యూలు నమ్మి వెళ్లినవాళ్లకి సారీ.

ఇదంతా నత్తి వల్లే అనుకుంటే నత్తికి అన్యాయం చేసినట్టే. పిల్లల్లో నూటికి ఓ ఐదుగురికి ఏదో ఒక వయసులో నత్తి వస్తుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది, పెద్దయ్యాక కూడా మిగిలేది సుమారుగా నూటికి ఒక్కరికి. నేను ఆ ఒక్కడిని, అంతే. భయపడితేనో, చిన్నప్పుడు జడుసుకుంటేనో వచ్చేది కాదు, మెదడులో మాట తయారయ్యే తీరులోనే తేడా, కొన్ని ఇళ్లల్లో వంశంలో కూడా ఉంటుంది. మా అమ్మమ్మ ఇవేం తెలియక వసకొమ్ము అరగదీసి రోజూ నాకించింది, ఆవిడ మీద నాకే కోపం లేదు, కనీసం ఆ తర్వాత బెల్లం ముక్క పెట్టేది. గులకరాళ్లు నోట్లో పెట్టుకుని చదవమన్న మాస్టారి మీద మాత్రం ఉంది.

ఆరో తరగతిలో జరిగింది చెప్తా. పొద్దున అసెంబ్లీలో అందరితో కలిసి ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు నాకు ఒక్క అక్షరం కూడా తడబడదు. గుంపుతో కలిసి చెప్తేనో, పాడితేనో నత్తి రాదు, చాలామందికి ఇంతే. (ఆ ప్రతిజ్ఞ 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు ముందు తెలుగులోనే రాశారు, మన పుస్తకాల్లోనే చాలాకాలం ఆయన పేరు లేదు, అది వేరే గొడవ.) ఒకరోజు ముందు నిలబడి చెప్పించాల్సిన అబ్బాయి రాలేదు, సారు నన్ను లేపారు. నేను "ప్రతిజ్ఞ" అనాలి, ఆ తర్వాత "భారతదేశం నా మాతృభూమి" అంటే అందరూ అందుకుంటారు. ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయా. ప్, ప్, ప్. ఎంతసేపో తెలీదు, ఎండలో స్కూలు మొత్తం. వెనక వరసలో ఎవడో "కిక్కు కొట్టరా, స్టార్టవుద్ది" అన్నాడు. సారు కూడా నవ్వారు. పిల్లలు నవ్వింది నేను మర్చిపోయేవాడినేమో.

ఆ రోజు నుంచి నా పేరు లూనా. ఎంత పెడల్ తొక్కినా స్టార్ట్ కాని పాత మోపెడ్ బండి కదా అని. పదో తరగతి అయ్యేదాకా అదే పేరు, హాజరు పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ సార్" అనేలోపు వెనకనుంచి పెడల్ తొక్కే సౌండ్లు, అందుకని చెయ్యెత్తడం నేర్చుకున్నా, పొగరు అని దానికి కూడా దెబ్బలు తిన్నా. రెండేళ్ల క్రితం బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చేరిస్తే మొదటి మెసేజ్ "ఏరా లూనా ఎలా ఉన్నావ్", పక్కన గుండె బొమ్మ. ప్రేమగానే పెట్టాడు వాడు. వాడికి అదొక ముద్దుపేరు, నాకు అది చూడగానే చేతులు చల్లబడ్డాయి, 37 ఏళ్లోడిని, ఇద్దరు పిల్లల తండ్రిని. గ్రూపు మ్యూట్‌లో పెట్టా, బయటికి రాలేదు, వస్తే ఎందుకని అడుగుతారు, చెప్పాలంటే మళ్లీ మాట్లాడాలి.

ఇప్పటికీ ఏ లైన్లో నిలబడ్డా వెనక ఎవరైనా నవ్వితే నా గురించే అనిపిస్తుంది, వాళ్లు ఫోన్లో రీల్ చూసుకుంటున్నా సరే. బ్రిటన్లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారట, చిన్నప్పుడు తరచుగా వేధింపులు పడినవాళ్లకి 50 ఏళ్లప్పుడు కూడా డిప్రెషన్, ఆందోళన మిగతావాళ్లకంటే ఎక్కువున్నాయని 2014లో రాశారు. ఇది చదివి నాకు బాధ వేయలేదు, హమ్మయ్య నా ఒక్కడి పిచ్చి కాదు అనిపించింది.

కిందటేడాది స్పీచ్ థెరపీకి వెళ్లా. అక్కడి మేడమ్ మొదటి రోజే పట్టేసింది, నేను నత్తిగా మాట్లాడే మాటలకన్నా తప్పించుకునే మాటలే ఎక్కువని. హోంవర్క్ ఏంటంటే వారానికి ఒకసారి బయట ఎవరి దగ్గరైనా "ప" మాట ఒకటి మార్చకుండా, దాచకుండా అడగాలి. మూడు హోటళ్లలో ప్రయత్నించా. ఒకచోట "ప్" అనగానే కౌంటర్ అబ్బాయి "పూరీ ఒకటి!" అని కేకేశాడు, తెచ్చిన పూరీ తినేశా. ఇంకోచోట వెనకాయన "పొంగలా? పరోటానా?" అని సాయం చేశాడు, మంచాయనే, కానీ క్విజ్ అయిపోయింది. మూడోచోట నేనే భయపడి ఇడ్లీ చెప్పా.

నాలుగోది ఇది. ఆదివారం ఎనిమిదింటికి, నా వెనక పది మంది. ఆగిపోయా, గట్టిగానే. ఆవిడ పెన్ను బిల్లు పుస్తకం మీద పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ ఉంది. జాలిగా కాదు, తలూపలేదు, అందించలేదు, చిల్లర లెక్కపెట్టుకోలేదు. బస్సు వచ్చేదాకా స్టాపులో నిలబడతాం కదా, అలా ఉంది. వెనకనుంచి ఒకాయన "కొంచెం తొందరగా అమ్మా" అంటే "ఈయన చెప్పాక మీదే అండి" అంది, అటు తిరగకుండానే. చివరికి మాట బయటపడింది. "ఉల్లి వెయ్యమంటారా?" అని అడిగింది. అంతే. ఆవిడ ఇంట్లో ఎవరికైనా నత్తి ఉందేమో అనుకున్నా గానీ అడగలేదు, ఉండక్కర్లేదు కూడా.

ఆ అట్టు తింటుంటే అల్లం ఘాటుకి కళ్లల్లో నీళ్లొచ్చాయి, అల్లానికే అని రాసుకోండి.

తర్వాతి వారం మా ఆవిడని తీసుకెళ్లా. నేను కౌంటర్ దగ్గర రెండు పెసరట్లు చెప్తే, కాస్త టైం పట్టింది లెండి, మా ఆవిడ నా వైపు చూసి "మీరు పెసరట్టు తింటారా?" అంది. పెళ్లయి పదేళ్లు. ఇడ్లీ కథ మొత్తం అక్కడే బల్ల దగ్గర చెప్పా, మొదట నవ్వింది, తర్వాత తినడం ఆపేసి వింది.

ఆదివారం ఎనిమిదిలోపు వెళ్లండి, చట్నీ బాగుంటుంది. మొత్తానికి 4 స్టార్లు, ఒకటి కాఫీకి తీసేశా. అత్తగారికి ఇంకా చెప్పలేదు, మొన్న ఫోన్ చేసి సంక్రాంతికి ఇడ్లీ రవ్వ తెప్పించానన్నారు, నాకు ఫోన్లో మాట్లాడటం ఇంకా కష్టమే, "అలాగేనండి" అనేశా.