కమిషన్ ప్లాన్‌ని ఏ టైటిల్‌కి కట్టాలి: హెచ్‌ఆర్ ఇచ్చినదానికా, కమిషన్ కోసం మనం పెట్టుకున్నదానికా?

సేల్స్ కమిషన్ సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టే ప్రతి కంపెనీలోనూ డిజైన్ మొదలైన కొద్ది రోజులకే ఈ ప్రశ్న లేస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా సేల్స్ టీమ్‌లకి కమిషన్లు లెక్కేసే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేదీ ఇదే. వర్క్‌డే లాంటి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే జాబ్ టైటిల్‌నే తెచ్చి ఎస్‌ఏపీ కమిషన్స్‌, ఎక్జాక్ట్‌లీ లాంటి కమిషన్ సాఫ్ట్‌వేర్‌లో టైటిల్‌గా పెట్టేస్తే సరిపోదా? విడిగా కమిషన్ టైటిళ్ళు తయారుచేసి, రెండిటికీ మధ్య ఒక మ్యాపింగ్ టేబుల్ పెట్టి, దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటూ కూర్చోవడం దేనికి?

నా ఓటు విడి టైటిళ్ళకే. అయితే హెచ్‌ఆర్ టైటిల్ వాడేవాళ్ళ వాదనలో పస లేదని అనను. ముందు అదే చూద్దాం.

హెచ్‌ఆర్ టైటిల్ దారి

ఈ దారిలో పని తక్కువ. కొత్త మనిషి చేరతాడు, రాత్రి హెచ్‌ఆర్ నుంచి డేటా ఫీడ్ వస్తుంది, కమిషన్ సిస్టమ్‌లో అతని పొజిషన్ (ఆ మనిషి కూర్చునే కుర్చీ లాంటి రికార్డు) తయారవుతుంది, టైటిల్‌కి కట్టిన ప్లాన్, అంటే కమిషన్ ఎలా లెక్కేయాలో చెప్పే నియమాలు, దానంతటదే తగులుకుంటుంది. కమిషన్లు చూసే కాంప్ అడ్మిన్ వేలు కదపక్కర్లేదు. అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే 2002 నాటి సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం పుణ్యమా అని ఆడిటర్లు ఏటా కూర్చుంటారు. ‘ఈ మనిషిని ఈ ప్లాన్‌లో ఎవరు వేశారు?’ అని అడిగితే హెచ్‌ఆర్ రికార్డు చూపించి ఊరుకోవచ్చు. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదు కాబట్టి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పనీ లేదు. మ్యాపింగ్ టేబుల్ ఉంటే దానికో ఓనర్, ఒక అప్రూవల్, ఒక చేంజ్ లాగ్ కావాలి. నెలాఖరు టెన్షన్‌లో ఉన్న ముగ్గురు మనుషుల టీమ్‌కి అదొక అదనపు బరువే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. హెచ్‌ఆర్ టైటిల్ అంటే ఏ టైటిల్? వర్క్‌డేలో జాబ్ ప్రొఫైల్ వేరు, బిజినెస్ టైటిల్ వేరు. జాబ్ ప్రొఫైల్‌కి కోడ్ ఉంటుంది, ఎవరు పడితే వాళ్ళు కదపలేరు. బిజినెస్ టైటిల్ అలా కాదు, అది టైపు చేసుకునే మాట. కంపెనీ సెట్టింగ్ ఒప్పుకుంటే ఉద్యోగి తనే మార్పు కోరొచ్చు. కస్టమర్ ముందు గొప్పగా ఉంటుందని ఎవరో తన టైటిల్‌ని ‘స్ట్రాటజిక్ గ్రోత్ పార్ట్‌నర్’గా మార్చుకుంటే, ఆ మాట ఫీడ్‌లో వచ్చి ఆ మనిషి ప్లాన్‌ని ఊడగొడుతుంది. అమ్మకాలు నమోదు చేసే సేల్స్‌ఫోర్స్‌లో యూజర్ రికార్డులోని టైటిల్ ఫీల్డ్ ఇంకా ఘోరం, అది ఒట్టి టెక్స్ట్. ఈ దారిలోనే వెళ్తానంటే జాబ్ కోడ్‌ని పట్టుకోండి, పేరుని నమ్ముకోకండి.

కోడ్ పట్టుకున్నా ఇంకో ఇబ్బంది మిగులుతుంది. హెచ్‌ఆర్ టైటిళ్ళు జీతాల బ్యాండ్ల కోసం పుట్టినవి. అకౌంట్ ఎగ్జిక్యూటివ్ (కొత్త అమ్మకాలు తెచ్చే ఉద్యోగి) 1 నుంచి 4 దాకా నాలుగు లెవెల్స్, మిడ్‌మార్కెట్, ఎంటర్‌ప్రైజ్, పబ్లిక్ సెక్టార్ అని మూడు సెగ్మెంట్లు, మూడు రీజియన్లు అనుకుందాం. లెక్కకి 36 టైటిళ్ళు అయ్యాయి. ఆ 36 రకాల వాళ్ళూ అమ్మేది ఒకటే, వాళ్ళని కొలిచేది ఒకటే: కొత్త బుకింగ్స్, అంటే ఖరారైన కొత్త అమ్మకాలు. తేడా ఉన్నది కోటాలో (అమ్మకాల లక్ష్యం), రేటులో. ఒకే ప్లాన్‌ని 36 చోట్ల కట్టి, ప్రతి జనవరిలో 36 చోట్లా మళ్ళీ కట్టాలి. అందులో ఒకటి మర్చిపోతే ఆ టైటిల్‌లో ఉన్న వాళ్ళకి స్టేట్‌మెంట్ సున్నాతో వెళ్తుంది. సిస్టమ్ ఏ ఎర్రర్ మెసేజ్ కూడా ఇవ్వకపోవచ్చు, ఎందుకంటే ప్లాన్ లేని మనిషికి కమిషన్ లేకపోవడం దాని దృష్టిలో తప్పు కాదు.

రూల్స్ సంగతి కూడా ఉంది. ‘టైటిల్ ఫలానా అయితే ఈ అమ్మకం క్రెడిట్ ఇవ్వు’ అని రూల్ కండిషన్‌లో పేరు నేరుగా రాసేసిన కాన్ఫిగరేషన్లు కొల్లలు. హెచ్‌ఆర్ ఒక రోజు ‘ఇన్‌సైడ్ సేల్స్ రెప్’ అనే మాట పాతబడిందని పేరు మారుస్తుంది. వాళ్ళు మనకి చెప్పరు. చెప్పాలని వాళ్ళకి తట్టదు కూడా, వాళ్ళ దృష్టిలో అది పేరు మార్పే.

అసలు తేడా వెనక తేదీ దగ్గర తెలుస్తుంది

పైన చెప్పినవన్నీ ఓపిక ఉంటే సర్దుకోగలిగేవే. నా దృష్టిలో ఈ పోటీని తేల్చేది ఒక్కటే: టైటిల్ మార్పు వెనక తేదీతో వచ్చినప్పుడు ఏం జరుగుతుంది?

హెచ్‌ఆర్‌లో వెనక తేదీ మామూలు విషయం. ప్రమోషన్ ఫిబ్రవరి 1 నుంచి అమలు అంటారు, సంతకాలన్నీ అయ్యి సిస్టమ్‌లోకి ఎక్కేసరికి మార్చి 20 అవుతుంది. జీతానికి దీంతో బాధ లేదు, తేడా ఎరియర్స్‌గా వచ్చేస్తుంది, ఉద్యోగి సంతోషిస్తాడు. కమిషన్ దగ్గర అదే తేదీ ఏం చేస్తుందో లెక్కేసి చూద్దాం.

ఒక అకౌంట్ ఎగ్జిక్యూటివ్ ఉంది, ఆమెకి ఏడాది కోటా 12 లక్షల డాలర్లు, కోటా పూర్తి చేస్తే వచ్చే కమిషన్ 80 వేల డాలర్లు. అంటే రేటు సుమారు 6.67 శాతం. ప్రమోషన్‌తో సీనియర్ అయితే కోటా 15 లక్షలు, కమిషన్ 90 వేలు, రేటు 6 శాతం. ఆమె ఫిబ్రవరిలో లక్షా 50 వేల డాలర్ల డీల్స్ చేసింది. పాత టైటిల్ ప్రకారం 10,000 డాలర్లు లెక్కగట్టి మార్చి 15న చెల్లించేశారు. మార్చి 20న ప్రమోషన్ వెనక తేదీతో ఫీడ్‌లోకి వచ్చింది. సిస్టమ్ ఫిబ్రవరిని మళ్ళీ లెక్కేసింది: 6 శాతం చొప్పున 9,000. తేడా వెయ్యి డాలర్లు ఏప్రిల్ చెల్లింపులో రికవరీగా పడింది. ప్రమోషన్ వచ్చినందుకు ఒక చేత్తో జీతం ఎరియర్స్, ఇంకో చేత్తో కమిషన్ కోత. ఆమె టికెట్ పెడుతుంది, మేనేజర్ ఎస్కలేట్ చేస్తాడు, సేల్స్ వైస్ ప్రెసిడెంట్ కాల్ పెడతాడు, ఆ కాల్ మనకి రాత్రి పదిన్నరకి ఉంటుంది.

సిస్టమ్ తప్పు చేయలేదు. చెప్పినట్టే చేసింది.

విడి కమిషన్ టైటిల్ ఉంటే ఇదే ప్రమోషన్ వేరేలా నడుస్తుంది. హెచ్‌ఆర్ టైటిల్ మారిందన్న సమాచారం వస్తుంది కానీ ప్లాన్ దానికి కట్టి లేదు. కాంప్ టీమ్ చూస్తుంది: ఈమె కొలమానం మారలేదు, కొత్త బుకింగ్సే. కాబట్టి కమిషన్ టైటిల్ కదలదు. మారాల్సింది కోటా, రేటు. అవి పొజిషన్ మీద ఏప్రిల్ 1 నుంచి కొత్త విలువలుగా పడతాయి. ఏడాది మొదటి నుంచి ఆమె సాధించిన మొత్తం అలాగే కొనసాగుతుంది. టైటిల్‌కొక ప్లాన్ పెట్టుకున్న చోట ప్లాన్ మారడంతో ఈ లెక్క మధ్యలో తెగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ (కోటా దాటాక వచ్చే పెద్ద రేటు) దాకా వచ్చిన మనిషి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది, లేదా ఎవరో ఎక్సెల్‌లో సర్ది మాన్యువల్ అడ్జస్ట్‌మెంట్ వేయాలి.

దీనికి హెచ్‌ఆర్ పక్షం వాళ్ళ దగ్గర ఒక జవాబుంది: ఫీడ్‌లోనే ఒక నియమం పెడదాం, వెనక తేదీతో వచ్చిన ప్రతి టైటిల్ మార్పునీ తర్వాతి నెల మొదటి తేదీకి జరుపుదాం. చెయ్యొచ్చు, చాలా చోట్ల చేస్తున్నారు కూడా. కానీ అలా చేసిన క్షణం నుంచి మీ కమిషన్ సిస్టమ్‌లోని టైటిల్ హెచ్‌ఆర్ టైటిల్ కానే కాదు. పేరు ఒకటే, తేదీలు వేరు. మీరు విడి కమిషన్ టైటిల్‌నే నడుపుతున్నారు, కాకపోతే అది ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆడిటర్‌కి ‘రెండూ ఒకటే’ అని చెప్పుకున్న ధీమా అక్కడితో పోయింది.

చట్టం వైపు నుంచి చూసినా నాకు ఇదే సబబు అనిపిస్తుంది. కాలిఫోర్నియా లేబర్ కోడ్ సెక్షన్ 2751 ప్రకారం, అక్కడ పనిచేసే ఉద్యోగికి కమిషన్ ఇస్తుంటే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, లెక్క ఎలా కడతారో అందులో ఉండాలి, సంతకమైన కాపీ ఉద్యోగికి ఇవ్వాలి, అందినట్టు రసీదు తీసుకోవాలి. ఇది 2013 జనవరి 1 నుంచి ఉంది. గడువు తీరిన ఒప్పందం కిందే ఇద్దరూ పని కొనసాగిస్తే, కొత్తది వచ్చేదాకా పాత షరతులే అమల్లో ఉన్నట్టు భావిస్తారు. రాత్రి రెండు గంటలకి వచ్చిన ఫీడ్ ఒక మనిషిని తను సంతకం పెట్టని ప్లాన్‌లోకి, అదీ రెండు నెలల వెనక్కి జరిపితే దాన్ని ఎవరు సమర్థిస్తారు? కమిషన్ టైటిల్ మనుషుల చేతిలో ఉంటే, ప్లాన్ మీద సంతకం అయ్యాకే కదిలించే వీలు ఉంటుంది.

విడి టైటిళ్ళు పెట్టుకునేవాళ్ళకి

ఎన్ని పెట్టాలి అని వెంటనే అడుగుతారు. నేను పాటించే పద్ధతి ఇది: కొలిచేది మారితేనే కొత్త టైటిల్. కొత్త అమ్మకాలు తెచ్చే అకౌంట్ ఎగ్జిక్యూటివ్ ఒకటి, రెన్యువల్స్ చూసే అకౌంట్ మేనేజర్ ఒకటి, మీటింగులు కుదిర్చే ఎస్‌డీఆర్ (సేల్స్ డెవలప్‌మెంట్ రెప్) ఒకటి, టీమ్ కోటా మీద నడిచే సేల్స్ ఇంజనీర్ ఒకటి, కింది వాళ్ళ మొత్తం మీద తీసుకునే మేనేజర్ ఒకటి. ఇంతే తేడా ఉన్న కంపెనీకి ఇవి చాలు. రీజియన్, లెవెల్, కరెన్సీ కోసం టైటిల్ చీల్చకండి. వాటికి రేట్ టేబుళ్ళు ఉన్నాయి. ఎస్‌ఏపీ కమిషన్స్ (పాత కాలిడస్, 2018లో ఎస్‌ఏపీ కొనుక్కుంది; ఇప్పటి పేరు సక్సెస్‌ఫ్యాక్టర్స్ ఇన్సెంటివ్ మేనేజ్‌మెంట్) లో రేట్ల విలువలు టైటిల్ దగ్గర ఇచ్చి, అవసరమైన మనిషికి పొజిషన్ దగ్గర వేరే విలువ ఇవ్వొచ్చు. పొజిషన్ దగ్గర ఇచ్చిందే నెగ్గుతుంది.

హెచ్‌ఆర్ టైటిల్‌ని పారేయకండి. పొజిషన్ మీద ఖాళీగా ఉండే జెనెరిక్ అట్రిబ్యూట్‌లో (మనకి కావలసింది రాసుకునే అదనపు ఫీల్డ్) దాన్ని, జాబ్ కోడ్‌ని పెట్టుకోండి. రిపోర్టులకి పనికొస్తుంది, ఆడిటర్ అడిగితే రెండూ పక్కపక్కన చూపించొచ్చు. నెలకోసారి రెండిటినీ పోల్చే ఒక చిన్న రిపోర్టు నడిపితే, హెచ్‌ఆర్‌లో కదిలి మన దగ్గర కదలనివాళ్ళ జాబితా వస్తుంది. ఆ జాబితా మీద అవును, కాదు అని కాంప్ టీమ్ సంతకం పెట్టి దాచుకుంటే ఆడిటర్లు అడిగే కంట్రోల్ (తప్పు పట్టే తనిఖీ) అదే.

మ్యాపింగ్‌లో లేని కొత్త జాబ్ కోడ్ వస్తే? డీఫాల్ట్ ప్లాన్‌లో వేసేయడం చాలామంది చేసే పని. వద్దు. ఆ రికార్డుని ఆపి, జాబితాలో చూపించండి. తప్పు ప్లాన్‌లో చెల్లించిన డబ్బు వెనక్కి తీసుకోవడం కంటే రెండు రోజులు ఆలస్యంగా ప్లాన్ ఇవ్వడం ఎన్నో రెట్లు సులువు.

మిగతా దారులు

టైటిల్ గొడవే లేకుండా ప్లాన్‌ని నేరుగా పొజిషన్‌కి కట్టడం ఒకటి. పాతిక ముప్ఫై మంది ఉన్న టీమ్‌కి హాయిగా సరిపోతుంది. మెటర్నిటీ సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్ళకి, కొన్నాళ్ళు ఇంత కమిషన్ ఖాయం అనే గ్యారంటీ మీద చేరినవాళ్ళకి పెద్ద కంపెనీలోనూ ఇదే వాడాలి, ముగింపు తేదీ పెట్టి మరీ.

ఆరకిల్ కమిషన్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాన్‌ని రోల్‌కి కట్టి, రోల్‌ని మనిషికి ఇస్తారు. రోల్ అక్కడ పుట్టుకతోనే కమిషన్ వస్తువు కాబట్టి ఈ చర్చ సగం తీరిపోయినట్టే. స్పిఫ్ లాంటి కొత్త టూల్స్‌లో మనుషుల్ని నేరుగా ప్లాన్‌లోకి చేర్చొచ్చు. వాటికి కూడా ‘ఎవరు, ఎప్పటి నుంచి’ అనే ప్రశ్న తప్పదు.

హెచ్‌ఆర్ టైటిల్ నిజంగా మేలైన చోటు ఒకటుంది: సేల్స్ టైటిళ్ళు పదిలోపు ఉండి, ప్రమోషన్లు ఏడాదికొకసారి ప్లాన్ సంవత్సరం మొదటి రోజే అమలయ్యే కంపెనీ. అక్కడ వెనక తేదీ బెడద పెద్దగా ఉండదు, మ్యాపింగ్ పెట్టడం దండగ. అయితే అలాంటి కంపెనీ మరో కంపెనీని కొన్న రోజు ఆ పది టైటిళ్ళు రాత్రికి రాత్రే నలభై అవుతాయి, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పటికే హెచ్‌ఆర్ టైటిల్ మీద నడుస్తూ మారాలనుకునేవాళ్ళు ఏడాది మధ్యలో మాత్రం చెయ్యకండి. అప్పటిదాకా సాధించిన లెక్కలన్నీ కదిలిపోతాయి. ప్లాన్ సంవత్సరం జనవరి 1న మొదలైతే అక్టోబర్‌లో మ్యాపింగ్ కూర్చోబెట్టి, నవంబర్ డేటాని టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో రెండు పద్ధతుల్లోనూ నడిపి, తేడా వచ్చిన ప్రతి మనిషికీ కారణం రాసుకోవాలి. సేల్స్‌ఫోర్స్ లాగా ఆర్థిక సంవత్సరం ఫిబ్రవరి 1న మొదలయ్యే కంపెనీలకి ఇంకో నెల వెసులుబాటు ఉంటుంది. ఎవరికైనా సరే, కొత్త సంవత్సరం ప్లాన్ లెటర్లు సంతకానికి వెళ్ళేలోపే కమిషన్ టైటిల్ పేర్లు ఖరారు కావాలి, ఎందుకంటే ఆ లెటర్ మీద ముద్రించాల్సింది ఆ పేర్లే.