ఫోమ్ వాషా, ఉత్త నీళ్లా, వాషింగ్ సెంటరా? మన దుబ్బకు ఏది మేలు

మేడారం పోయొచ్చిన బండ్లన్నీ ఒకే రంగులో ఉంటాయి. తెల్లదైనా నల్లదైనా, తాడ్వాయి దాటి పార్కింగ్ పొలాల్లో ఒక రాత్రి పెట్టి తెస్తే ఇటుకపొడి చల్లినట్టే. జాతర అయిన దగ్గర్నుంచి నన్ను తెలిసినవాళ్లు అడిగేది ఒక్కటే: ఇంత దుబ్బ ఉంది కదా, ఫోమ్ (బండంతా షాంపూ నురగ) కొట్టించాలా, ఇంట్లోనే కడుక్కోవాలా, ఫోమ్ కొడితే పెయింటు మీద గీతలు పడవంటున్నారు, నిజమేనా? మా బావ అయితే మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ ఓపిగ్గా విన్నాడు, పోయి రోడ్డు మీద ఐదు వందలిచ్చి కడిగించుకున్నాడు. ఒకసారి రాసి పెడితే ఇక అదే పంపొచ్చు కదా అని ఇది. ఎండలో కడగొద్దు, పైనుంచి కిందికి రావాలి, రెండు బకెట్లు పెట్టుకోవాలి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

నా బండి నలుపు. నలుపు కొనొద్దని అందరూ చెప్పారు, విననందుకు అనుభవిస్తున్నా. కొన్న ఏడాదిలోపే ఒక రాత్రి పెట్రోలు బంకులో నిలబడి చూస్తే, బానెట్ మీద పడ్డ లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గుండ్రటి గీతలు. అంతకుముందు నేనున్న అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఒకతను తుడిచేవాడు, నెలకు ఇంత అని. ఒకటే బట్ట, ఒకటే బకెట్, పదకొండు కార్లు. నా బండి తొమ్మిదోది. అతన్ని అనడానికి లేదు, పై అంతస్తు నుంచి చూస్తూ రోజూ మెరుస్తోందని సంబరపడింది నేనే.

పెయింటు పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్ల మందం ఉంటుంది. మన తలవెంట్రుక కంటే సన్నం. ఆ గీతలు పోవాలంటే మెషీన్ పాలిష్ చేయించాలి, అంటే గీతను పూడ్చడం కాదు, దాని చుట్టూ ఉన్న పొరను రెండు మూడు మైక్రాన్లు అరగదీయడం. ఇట్లా ఎన్నిసార్లు చేయించగలమో లెక్క మీకే తెలుస్తుంది. పైగా మన వరంగల్ దిక్కు దుబ్బ మెత్తటిది కాదు. హనుమకొండ దాటితే క్రషర్లు, కరీంనగర్ దారి పట్టుకుంటే గ్రానైట్ క్వారీలు, మధ్యలో మొరం రోడ్లు. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం, గట్టిదనాన్ని చూసే మోస్ కొలతలో 7, అంటే గాజును కూడా గీస్తుంది. "నాది 9H సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద వేయించే రక్షణ పూత), నాకేం కాదు" అనేవాళ్లకు ఒక మాట: ఆ 9H పెన్సిల్ ములికితో గీసి చూసే పరీక్షది, మోస్ కొలతకూ దానికీ సంబంధం లేదు. కోటింగ్ ఉన్నా ఇసుక పెట్టి రుద్దితే గీత పడుతుంది.

కాబట్టి నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటే. బండికి చేయి గానీ బట్ట గానీ తగలకముందు ఎంత మట్టి పోయింది? నేనైతే ఏ పద్ధతినైనా ముందు ఈ ప్రశ్నతోనే తూస్తా. ఎంత నురగ వచ్చింది, ఎంత వాసన వచ్చింది, షాంపూ ఏ దేశానిది, ఇవన్నీ తర్వాత.

ఇది తేల్చుకుందామని మొన్న వానాకాలంలో భూపాలపల్లి పోయొచ్చాక ఒక పని చేశాను. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు, వాటి వెనక మీరు. బండి మీద మట్టి, బొగ్గు, టైర్ల నుంచి ఎగిరిన జిడ్డు కలిసి అట్ట కట్టింది. బానెట్‌ను మధ్యలో టేపు పెట్టి రెండు భాగాలు చేశాను. ఎడమ పక్క ఉత్త నీళ్లు, ప్రెషర్ వాషర్‌తో. కుడి పక్క ఫోమ్ కొట్టి, ఐదు నిమిషాలు ఆగి, అదే ప్రెషర్‌తో అంతే సేపు నీళ్లు. తర్వాత ఒక్కో పక్కకు ఒక్కో కొత్త మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కుని రుద్దే మెత్తటి తొడుగు), ఒక్కో తెల్ల బకెట్, ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన ఖాళీ డబ్బాలే. రెండు మిట్లనూ వాటి వాటి డబ్బాల్లో పిండి అరగంట వదిలేశాను. ఎడమ డబ్బా అడుగున అర చెంచా ఇసుక. వేళ్లతో నలిపితే గరగరమంటోంది. కుడి డబ్బాలో నీళ్లు బూడిదరంగులోనే ఉన్నాయి, అడుగున మాత్రం వెతికితే నాలుగు రేణువులు. అంటే ఫోమ్ జిడ్డునంతా తీయలేదు, గీతలు పెట్టే ఇసుకను మాత్రం చాలా వరకు ముందే దించేసింది. నాకు కావాల్సింది అదే.

కానీ ఇదే పని వేసవిలో, వారం రోజుల పొడి దుబ్బ మీద చేస్తే రెండు డబ్బాలకూ పెద్ద తేడా రాలేదు. పొడి దుబ్బ పెయింటును పట్టుకుని ఉండదు, నీళ్లు గట్టిగా తగిలితే పోతుంది. అట్ట కట్టిన మట్టికే నురగ అవసరం. అందులోని సబ్బు మట్టికీ పెయింటుకూ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది, తడి బరువుకు అది కిందికి జారుతుంది. ఈ జారడం ముఖ్యం. వీడియోల్లో గెడ్డం క్రీములాగా మందంగా అతుక్కుని కదలకుండా ఉండే నురగ చూసి ముచ్చటపడతాం గానీ, కాస్త పలచగా, మెల్లగా కారుతూ మట్టి గీతలు దించేదే పనిచేసే నురగ. మా పిల్లలకు మాత్రం మందంగా ఉన్నదే కావాలి, వాళ్ల కోసం చివర్లో ఇంకోసారి కొడతాను, అది వేరే సంగతి.

ఇంకో మాట, ఫోమ్ అనగానే అందరూ నురగ గురించే మాట్లాడతారు, పట్టు వదిలిన మట్టిని తీసుకుపోయేది మాత్రం దాని వెనక కొట్టే నీళ్లు. రెండూ ఒకేసారి కొనే డబ్బు లేకపోతే ముందు ప్రెషర్ వాషర్ కొనండి, దానికి తగిలించి నురగ కొట్టే ఫోమ్ లాన్స్ వచ్చే నెల. చిన్న ఇంటి మెషీన్లు నిమిషానికి ఆరు లీటర్లు అటూ ఇటూగా వాడతాయి, పది నిమిషాలు నొక్కి పట్టినా 60 లీటర్లు. నల్లాకు పైపు పెట్టి వదిలేస్తే అంతకంటే ఎక్కువే మోరీలోకి పోతుంది. నాజిల్‌ను పెయింటుకు అడుగు దూరం తగ్గనివ్వొద్దు. రాయి తగిలి పెచ్చు లేచిన చోట, ఒకసారి డెంటింగ్ పెయింటింగ్ అయిన డోర్ల మీద ఇంకా దూరం, లేకపోతే పెయింటే లేచి వస్తుంది. మెషీన్ మామూలుగా 1,200 వాట్ల పైనే లాగుతుంది, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి.

ఇక నీళ్ల దగ్గరికొద్దాం, మన దగ్గర ఇదో పెద్ద తలనొప్పి. మా బోరు నీళ్లకు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) పెడితే 900 పైన చూపిస్తుంది. తాగే నీళ్లకే 500 దాటకుండా ఉంటే మంచిదంటారు. ఈ నీళ్లలో షాంపూ సరిగ్గా నురగ రాదు, ఇంకొంచెం పోస్తాం, ఇంకొంచెం పోస్తాం, సీసా అయిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం, బానెట్ మీద ఆరిపోయిన ప్రతి చుక్కా తెల్లటి మచ్చ వదిలి పోతుంది. మే నెలలో వరంగల్ ఎండకు, ఎనిమిది దాటాక ఫోమ్ కొడితే డోర్ దగ్గరికి వచ్చేలోపు టాప్ మీద ఎండిపోతుంది. ఎండిన నురగ కంటే మట్టే నయం. నేను ఫోమ్‌లోకీ ఆఖరి నీళ్లకూ నల్లా నీళ్లు పట్టి పెట్టుకుంటాను, మధ్యలో కడగడానికి బోరు. ఒక డ్రమ్ము చాలు. ఎండాకాలం అయితే ఆరున్నరకల్లా మొదలుపెడతా, లేకపోతే ఆ వారం కడగను.

ఇప్పుడు వాషింగ్ సెంటర్. హంటర్ రోడ్డు నుంచి ములుగు రోడ్డు దాకా ఎటు చూసినా బోర్డు మీద ఫోమ్ వాష్ అనే ఉంటుంది. ఫోమ్ బాగానే కొడతారు, వాళ్ల కంప్రెషర్‌కూ ట్యాంకుకూ నా చిన్న మెషీన్ ఏం పోటీ. గొడవ ఆ తర్వాత. నేను వెళ్లిన ఒక చోట బండి మీద నురగ అట్లా ఉండగానే, మట్టి ఇంకా కిందికి దిగకముందే, ఒక పిల్లగాడు స్పాంజి తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. ఆ స్పాంజి అంతకుముందే ఒక ట్రాక్టర్ మడ్‌గార్డు తోమి, కింద పడి, లేచి వచ్చింది. నేను ఆపితే అతను నన్నే వింతగా చూశాడు. "అన్నా, ఫోమ్ కొట్టినంక గీతలు ఎట్ల పడ్తయే?" అతని ప్రశ్నా, మా బావ ప్రశ్నా ఒకటే. ఫోమ్ అంటే రక్షణ కవచం అనుకుంటున్నారు. నురగ కింద ఇసుక ఉండగా రుద్దితే, ఇసుక పెట్టి రుద్దినట్టే, కాకపోతే గీత కనపడకుండా నురగ కప్పేస్తుంది. దానికి తోడు కొన్ని చోట్ల తొందరగా పని కావాలని ఘాటైన క్షారం కలిసిన సబ్బు వాడతారు. మట్టి బాగా పోతుంది, దాంతోపాటు మీరు డబ్బు పెట్టి వేయించుకున్న వ్యాక్స్ కూడా పోతుంది. ఇంట్లో వాడుకోవడానికి సీసా మీద పీహెచ్ న్యూట్రల్ (అటు క్షారమూ ఇటు ఆమ్లమూ కానిది) అని ఉన్నది తీసుకోండి. గిన్నెల సబ్బు, సర్ఫు సంగతి మీరు అడగొద్దు, నేను చెప్పను.

అయితే వాషింగ్ సెంటర్‌ను పూర్తిగా కొట్టిపారేయను. మెషీన్ కొనే ఉద్దేశం లేనివాళ్లు పొద్దున మొదటి బండిగా పోయి, "తమ్మీ, ఫోమ్ కొట్టు, ఐదు నిమిషాలాగి నీళ్లు కొట్టు, చెయ్యి మాత్రం పెట్టకు, పైసలు మొత్తం ఇస్తా" అని చెప్పండి. మొదట నవ్వుతారు, రెండోసారి నుంచి అలవాటవుతుంది. అక్కడినుంచి ఇంటికొచ్చి మీ మిట్‌తో మీరు కడుక్కోండి. చక్రాల లోపల, బండి అడుగున మట్టి కడిగించడానికైతే ర్యాంప్ ఉన్న సెంటరే మేలు, ఇంట్లో ఆ పని కాదు.

అపార్ట్‌మెంట్లలో నల్లా, పైపు రెండూ లేనివాళ్లకు రిన్స్‌లెస్ వాష్ ఉంది. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటివి 1:256 పాళ్లలో కలుపుతారు, అంటే పది లీటర్ల బకెట్‌కు 40 మిల్లీలీటర్లు చాలు. మళ్లీ నీళ్లతో కడిగే పని లేదు. చిన్న పంపు స్ప్రేయర్‌లో అదే ద్రావణం పోసి ముందు బండంతా తడిపి, రెండు మూడు నిమిషాలాగి, మడతలు మార్చుకుంటూ టవళ్లతో తుడవడమే. ఆఫీసుకూ ఇంటికీ మధ్య తిరిగే బండికి ఇది బాగుంటుంది, మా తమ్ముడు బాలసముద్రంలో ఇదే చేస్తాడు, అతని బండి నా బండి కంటే బాగుంది, ఒప్పుకుంటా. మేడారం దుబ్బకూ, వానాకాలం బురదకూ మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. స్ప్రేయర్ కొత్తది కొనండి, పొలంలో మందు కొట్టిన పంపు తెచ్చి బండికి కొట్టకండి (ఒకాయన నిజంగానే అడిగాడు).

చేత్తో గాలి కొట్టే ఫోమ్ స్ప్రేయర్లు పర్వాలేదు, వెనక నీళ్ల జోరు లేకపోతే సగం పనే. దుబ్బ దులిపే పొడి బ్రష్ కారులో ఉంటే తీసి ఇంట్లో సోఫాకు వాడుకోండి. తిరిగే బ్రష్షుల ఆటోమేటిక్ వాష్‌కు నేనైతే నా బండి పంపను.

ఫోమ్‌తో పోనివి కూడా ఉన్నాయి. తారు చుక్కలు పోవు, దానికి తారు రిమూవర్ వేరే ఉంటుంది. హైదరాబాద్ హైవే మీద రాత్రి ప్రయాణంలో బంపర్‌కు అతుక్కున్న పురుగులు ఒక్క ఫోమ్‌కు పోవు, తడి బట్ట పది నిమిషాలు కప్పి ఉంచాలి. పిట్ట రెట్ట అయితే ఆదివారం దాకా ఆగొద్దు, ఎండకు పెయింటును తినేస్తుంది. భద్రకాళి గుడి దగ్గర బండి పూజ చేయించినప్పటి పసుపు, కుంకుమను పొడి బట్టతో తుడవకుండా నీళ్లతో కడిగేయండి.

నేను తేల్చుకున్నది ఇది. వానాకాలంలో రెండు వారాలకోసారి ఫోమ్, మిగతా రోజుల్లో ఉత్త ప్రెషర్ నీళ్లు, ఆ తర్వాత మిట్. వాషింగ్ సెంటర్‌కు మూడు నెలలకోసారి, అడుగు భాగం కడిగించడానికి. మా బావ ఈ ఆదివారం తన బండి తెస్తానన్నాడు. మొన్న ఐదు వందలిచ్చి కడిగించుకున్న బండి డోర్ల మీద ఫోన్ టార్చి వేసి చూసుకున్నాడట. ఆరున్నరకు రమ్మన్నాను, ఏడు దాటితే మా గేటు ముందు ఎండ వచ్చేస్తుంది.