డిస్కో పన్నెండంగుళాల సింగిల్: ఎనిమిదేళ్లు తిప్పాక

ముల్లు వినైల్ రికార్డు గాడిలో దిగిన రెండు సెకన్లకే తేడా తెలుస్తుంది. అదే పాట ఎల్పీలో, అంటే ఒక వైపు చాలా పాటలుండే రికార్డులో, మెత్తగా, ఎక్కడో పక్కగదిలో మోగుతున్నట్టు ఉంటుంది. వైపుకు ఒక్క పాటే ఉండే పన్నెండంగుళాల సింగిల్ మీద కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఛాతీకి తగులుతుంది, దాని పక్కనే బేస్ గిటార్ తీగ మీద వేలి కదలిక విడిగా వినిపిస్తుంది. ఎనిమిదేళ్లుగా తిప్పుతున్నా ఈ ఒక్క గుణం మీద మోజు తగ్గలేదు. దీనికంతా మూలం గాడికి దొరికిన చోటు.

బేస్ ఎంత గట్టిగా ఉంటే మూల ప్లేటు మీద గాడి కోసే ముల్లు పక్కలకు అంత దూరం ఊగాలి. అందుకే రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, వినేటప్పుడు టర్న్‌టేబుల్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య ఉండే ఫోనో ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు దాదాపు 20 డెసిబెల్స్. అంత తగ్గించినా ఎల్పీలో ఒక వైపు 20 నిమిషాలు ఇరికించాలంటే మొత్తం లెవెల్ దించక తప్పదు. పన్నెండంగుళాల వైపున ఉండేది ఆరేడు నిమిషాల పాట ఒక్కటే. దానికి 45 స్పీడు (నిమిషానికి 45 చుట్లు) తోడైతే, బయటి అంచులో ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 69 సెంటీమీటర్లు నడుస్తుంది, 33 స్పీడులో అయితే 51. హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఒకదానిమీదొకటి మూసే జంట తాళాలు) ‘ట్స్’ అని తెగినట్టు వినిపించడానికి ఆ వేగమే కారణం.

ఆ హై-హ్యాటే డిస్కోకి పుట్టుమచ్చ. ఫిలడెల్ఫియాలో సిగ్మా సౌండ్ స్టూడియో డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1973లో హెరాల్డ్ మెల్విన్ బృందానికి ‘ది లవ్ ఐ లాస్ట్’ వాయించినప్పుడు కిక్‌ని నాలుగు దెబ్బలకూ సమంగా వేసి, దెబ్బకూ దెబ్బకూ మధ్య హై-హ్యాట్ తెరిచాడు. నెమ్మదిగా సాగాల్సిన పాట అలా పరుగందుకుంది. న్యూయార్క్‌లో 1970 నుంచి డేవిడ్ మాంకూసో ‘లాఫ్ట్’ అనే తన ఇంట్లో తెల్లవార్లూ జరిపిన పార్టీలకు, అలాంటి క్లబ్బులకు ఈ పాటలే కావాలి, కానీ మూడు నిమిషాలకే అయిపోయేవి. పాట ముగియగానే జనం డాన్స్ ఫ్లోర్ దిగిపోవడం గమనించిన టామ్ మౌల్టన్, పాటల్ని టేపు మీద సాగదీయడం మొదలుపెట్టాడు.

పెద్ద సైజు రావడం మాత్రం అనుకోకుండా జరిగింది. గాయకుడు అల్ డౌనింగ్ పాటకు నమూనా రికార్డు కోయించుకోవడానికి మౌల్టన్ వెళ్లిన రోజు కోత ఇంజినీరు హోసే రోడ్రిగెజ్ దగ్గర ఏడంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయాయి. పదంగుళాల ప్లేటు మీద కోస్తే గాడి అంతా ఒక అంగుళం మేర కుక్కినట్టు కనిపించింది. దాన్ని పరిచి, లెవెల్ పెంచి మళ్లీ కోశారు. ఆ శబ్దం విన్నాక ఇద్దరూ వెనక్కి వెళ్లలేదు, తర్వాత పన్నెండంగుళాలకు మారారు. అప్పటిదాకా డీజేల చేతుల్లోనే తిరిగిన ఈ సైజు 1976లో అంగళ్లలోకి వచ్చింది: సాల్సోల్ కంపెనీ, డబుల్ ఎక్స్‌పోజర్ బృందం ‘టెన్ పర్సెంట్’, డీజే వాల్టర్ గిబ్బన్స్ తొమ్మిది నిమిషాలు దాటించిన మిక్స్. డ్రమ్స్, కాంగాలు (చేత్తో వాయించే పొడుగాటి డ్రమ్ములు) తప్ప అన్నీ తప్పుకునే భాగాల్ని ఆయన ఎంత ఓపికగా సాగదీశాడో వినాలంటే ఈ సైజులోనే వినాలి. దీపం కింద వంచి చూస్తే ఆ భాగాలు కంటికీ కనిపిస్తాయి. వాయిద్యాలు తగ్గిన చోట గాడి నునుపుగా, ముదురు రంగులో ఉంటుంది. ముల్లు ఎక్కడ దించాలో డీజేలు అలాగే చూసుకునేవాళ్లు.

మొదట్లో ‘పన్నెండంగుళాలదైతే కళ్లు మూసుకుని కొనొచ్చు’ అనిపించేది. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కొత్తగా అచ్చు వేసిన ఒక పునర్ముద్రణ ఆ మాటను సవరించింది. లెవెల్ బాగుంది, గాడి వెడల్పు బాగుంది, కానీ వయొలిన్లు వచ్చేసరికి స్వరం నాలుగు సెకన్లకు మూడుసార్లు చొప్పున ఊగుతోంది. 45 స్పీడులో రికార్డు తిరిగేది సరిగ్గా అంతే, కాబట్టి తప్పు మోటారుది కాదు, చుట్టు చుట్టుకీ వచ్చే రికార్డుదే. ముందునుంచి హెడ్‌షెల్‌ని, అంటే టర్న్‌టేబుల్ చేయి చివర ముల్లు బిగించే భాగాన్ని, గమనిస్తే సందేహం తీరుతుంది. పైకీ కిందికీ కదిలితే రికార్డు వంకర తిరిగినట్టు, కుడికీ ఎడమకీ ఊగితే రంధ్రం గాడికి సరిగ్గా మధ్యన లేనట్టు.

చేయి ఒక మిల్లీమీటరు ఊగుతోందంటే కేంద్రం అర మిల్లీమీటరు తప్పిందని అర్థం. బయటి అంచున ఈ అర మిల్లీమీటరు స్వరాన్ని 0.35 శాతం అటూ ఇటూ కదిలిస్తుంది, డ్రమ్స్ హోరులో అది దొరకదు. లోపలికి వెళ్లేకొద్దీ వ్యాసార్ధం తగ్గి, లేబుల్ దగ్గర 0.8 శాతం అవుతుంది. పొడుగ్గా పట్టుకున్న వయొలిన్, ఎలక్ట్రిక్ పియానో స్వరాల్లో అది భరించడం కష్టం. కోసిన ఇంజినీరు మిగిలిన చోటును వదిలేసి గాడిని ముందే ముగిస్తే ఈ బాధ కొంత తగ్గుతుంది. పాత అచ్చుల్లో చాలావాటికి లేబుల్ చుట్టూ వెడల్పాటి నల్ల పట్టీ ఉండేది అందుకే ఇష్టం.

మార్పిడి కుదరకపోతే బాగుచేసుకోవచ్చు. చేయి బయటి వైపుకు బాగా జరిగిన క్షణంలో ప్లాటర్ (రికార్డును తిప్పే పళ్లెం) ఆపి, ముల్లు ఉన్న దిక్కున లేబుల్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. రంధ్రాన్ని ఆ గుర్తు వైపే, సన్నటి గుండ్రటి ఆకురాయితో అర మిల్లీమీటరు కొద్దికొద్దిగా అరగదీయాలి. డ్రిల్ వద్దు, వేడికి వినైల్ కరిగి అంచు ఉబ్బుతుంది. గాడుల మీద శుభ్రమైన కాగితం కప్పి, రికార్డు నిలబెట్టి అరగదీస్తే పొడి కిందికి రాలుతుంది. తర్వాత రికార్డుని గుర్తుకు ఎదురు దిక్కుకు జరిపి పెట్టి, చేయి ఊగడం ఆగిందో లేదో చూడాలి. ఒక వైపు కుదిరితే రెండోది కుదిరినట్టు కాదు. రెండు వైపుల అచ్చులనూ వేరువేరుగా కేంద్రానికి బిగిస్తారు కాబట్టి బి వైపు లోపం ఇంకో దిక్కున ఉండొచ్చు. రంధ్రం వదులైన రికార్డు స్లిప్‌మ్యాట్ (డీజేలు రికార్డు కింద వేసే జారుడు గుడ్డ) మీద చేత్తో ఆపితే జరిగిపోతుంది, మిక్సింగ్‌కి పనికిరాదు. మళ్లీ అమ్ముదామన్నా ధర రాదు. నా రికార్డు ఎ వైపు పూర్తిగా నయమైంది, బి వైపు ఇంకా కొద్దిగా ఊగుతూనే ఉంది.

వెడల్పు గాడికి ఇంకో ఖరీదు కూడా ఉంది. ఈ బేస్ గదిని కదిపితే ఆ కంపనం టర్న్‌టేబుల్ గుండా ముల్లుకి చేరి, ‘ఊం’ అని పెరుగుతూ పోతుంది. రబ్బరు ముక్కల మీద కడప నాపరాయి పలక వేసి దానిపై టర్న్‌టేబుల్ పెట్టి, స్పీకర్లను వేరే బల్ల మీదికి మార్చాక అది పోయింది. గాడి మీద ముల్లు మోపే బరువు కూడా ఎల్పీకి సరిపోయినంత చాలదు. 1.25 గ్రాముల దగ్గర గట్టి హై-హ్యాట్ ‘ష్’ అని చెదిరేది. కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చిన భాగం) తయారీదారు ఇచ్చిన పరిధిలో పై సగం వాడుకోవాలి, ఇక్కడ 1.9 కుదిరింది. తేలిగ్గా ఉంటే రికార్డు అరగదనుకోవడం పొరపాటు. గాడి గోడలకు ఆనలేక ఎగిరిపడే ముల్లే ఎక్కువ చెడగొడుతుంది.

అమెరికా నుంచి చుట్టాలతో పాత టర్న్‌టేబుల్ తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఏసీ సింక్రనస్ మోటారైతే వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే చాలదు. అక్కడి 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడి 50 హెర్ట్జ్‌లో 45కి బదులు 37.5 స్పీడే తిరుగుతుంది, పుల్లీ కూడా మార్చాలి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటి, మోటారే ప్లాటర్‌ని నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్‌కి ఆ బెడద లేదు. వానాకాలంలో కోస్తా ఇళ్లలో కాగితపు లోపలి కవర్లు చెమ్మ పట్టి గాడుల్లో బూజు పెంచుతాయి, పాలిథిన్ కవర్లే మేలు.

1980ల నాటి మన సినిమా డిస్కో పాటల కోసం వెతికేవాళ్లకు దొరికేవి ఎక్కువగా ఎల్పీలు, ఏడంగుళాల ఈపీలే (కొద్ది పాటలుండే చిన్న రికార్డులు). వాటిలో ఈ గాడి సుఖాన్ని ఆశించొద్దు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ పాటల కోసమైతే, బేస్ పెంచుకునే వీలున్న ఇల్లు, కింద వాటా వాళ్ల ఓర్పు ఉంటే తప్పకుండా కొనండి. మాది నేలమీది వాటా కాబట్టి సరిపోయింది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో, చిన్న స్పీకర్లతో వినేవాళ్లకు అదే డబ్బుకి మంచి ఎల్పీ ప్రతి ఒకటి దొరికితే అదే తీసుకోమంటాను. కొత్త ప్రతి ఏదైనా సరే, వచ్చిన రోజే రెండు వైపులా చివరి రెండు నిమిషాలు వినండి. వెనక్కి ఇచ్చే గడువు దాటాక ఆకురాయి ఒక్కటే దిక్కు.